ఆదివారమై వచ్చిన దేవుడు

మా ఒంగోలు సీమ మాదిగపల్లెలకు దేవుడు ఎట్లా వచ్చాడంటే చరిత్ర పుస్తకాలు దొరల పేర్లు చెబుతాయి. నేను మాత్రం ఆదివారమై వచ్చాడంటాను.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో మకాం పెట్టాడు. ఆయనకు పల్లెల దారి చూపింది తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, యర్రగుంట్ల పేరయ్య. చుట్టపక్కాల ఇళ్లలో కూచొని యేసు కథ చెప్పింది ఆయనే. నమ్మినోళ్లకు మూడు కట్టుబాట్లు: విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, ఆదివారం పని చెయ్యొద్దు. మన తిండిని దొర చిన్నచూపు చూశాడని ఇవాళ మనం అనొచ్చు, అనాలి కూడా. కానీ చచ్చిన గొడ్డు వట్టి తిండి కాదు, వెట్టికి ఊరు పడేసే కూలి. ఏడు రోజులూ ఊరికి కట్టుబడినోడు ఒకరోజు "రాను" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఊరు పని ఆపింది, నీళ్లు ఆపింది, దొంగకేసులు పెట్టింది. పల్లె ఆ రోజును వదల్లేదు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. బోధకులే మేస్త్రీలు. దేవుడు మావాళ్లకు మట్టితట్టలో, పొద్దుగూకి చేతిలో పడ్డ కూలిలో కనిపించాడు. కూటికోసం మతం మారారనే మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపారు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగిలేచారు.

మాయమ్మకు ఈ తేదీలేవీ తెలవ్వు. కూలికిపోయి మా ఇంట్లో మొదటి డిగ్రీ నాకు చదివించింది. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. మనకే చాలవు గదా అంటే, "ఊరికి చెయ్యి చాపీ చాపీ ఉన్నాం. ఇది పెట్టే చెయ్యిరా" అనేది. ఆమె దేవుడు ఆ పిడికిట్లో ఉండేవాడు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఆ దేవుణ్ణి నమ్మితే నువ్వు ఎస్సీవి కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, మనకు లేదు. మనకు మిగిలింది బీసీ-సీ, ఒక్క శాతం. 1985 జులై 17న కారంచేడులో నరికినోళ్లు మాత్రం ఎవరి మతమూ అడగలేదు, మాదిగయితే చాలనుకున్నారు.

ఇప్పుడు నేను సర్కారు బళ్లో పంతుల్ని. పిల్లల్ని చేర్చే రోజు అడ్మిషన్ రిజిస్టర్లో మతం గడి దగ్గరికొచ్చేసరికి మన తల్లులు గొంతు తగ్గిస్తారు. ఇంట్లో మోకాళ్లూని, కాగితం మీద హిందువని రాయించుకునే బతుకు. ఆదివారం రానన్న తాతల మనవలు ఆ గడి ముందు దేవుణ్ణి దాచుకోవాల్సి రావడమే ఇప్పటి వెట్టి.