బంధాల్లో స్వీయ విఘాతం
ఆప్యాయతను కోరుకుంటూనే, తెలియకుండా దాన్ని తామే చెడగొట్టుకునే ప్రవర్తన. అకారణ అనుమానం, మాటలు మానేయడం, పాత తప్పులు తవ్వడం, దగ్గరైనకొద్దీ దూరం జరగడం దీని లక్షణాలు. మనోవైద్యుడు జాన్ బౌల్బీ అనుబంధ సిద్ధాంతం ప్రకారం, బాల్యంలోని అభద్రత పెద్దయ్యాక కూడా తిరస్కార భయంగా మిగలవచ్చు. దంపతుల అపార్థాల వెనకున్న ఆలోచనా లోపాలను మనోవైద్యుడు ఆరన్ బెక్ 1988లో ఒక గ్రంథంలో వివరించారు.

అధిగమించే మార్గాలు: కోపం రేగిన సందర్భాన్ని, అప్పటి ఆలోచనను రాసుకోవడం, ఊహనూ వాస్తవాన్నీ వేరుచేయడం, జవాబుకు ముందు కాసేపు ఆగడం, భయాన్ని నిందగా కాక నేరుగా చెప్పడం. అయితే ఎదుటివారి హింసకు తామే కారణమనుకుని భరించకూడదు.

లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులు ఇలాంటి ఇబ్బందులకు 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో సలహా పొందవచ్చు.