ఆంగ్లేయుల వేటపటములు - విండ్సరు వనములోని చీతా

ఐరోపాఖండమున పెక్కు దేశములలో చిత్రకారుని చిరకాలము పోషించినది దేవాలయము. ఇటలీలోని చిత్రకారుడు మేరీమాతను, మహాభక్తులను చిత్రించి బ్రతికెను. ఇంగ్లండులో పదునాఱవ శతాబ్దమున మతసంస్కరణము జరిగి, చర్చిగోడలమీది బొమ్మలకు సున్నము కొట్టిన పిమ్మట ఆ పోషణము తఱిగిపోయెను. అటుపైని చిత్రకారునకు మిగిలిన ముఖ్యాధారము మనుష్యుల రూపచిత్రములే. ధనవంతుడు తన బొమ్మ వ్రాయించుకొనెను. భార్యాబిడ్డల బొమ్మలు వ్రాయించెను. పిదప తన గుఱ్ఱము బొమ్మ వ్రాయించెను. వేటలు, స్వారీలు, తుపాకి షికార్లు విషయములుగా గల ఆంగ్లేయ చిత్రకళ ఈ చివరి కోరికనుండి పుట్టినది. భార్య బొమ్మకు పది గినీలిచ్చుటకు వెనుదీయువాడు గుఱ్ఱము బొమ్మకు ఏబది గినీలు సంతోషముగా నిచ్చునని బెన్ మార్షల్ అను చిత్రకారుడు చెప్పినట్లు ప్రతీతి. ఆయన ఆ మాటను నవ్వులాటకే యనలేదు కాబోలు. 1812లో లండను విడిచి పందెములకు నెలవైన న్యూమార్కెట్టులో కాపురము పెట్టెను.

మనలో చెన్నపట్టణమునను, బెంగుళూరునను, నీలగిరులలోను తరతరములుగా స్థిరపడిన వారికి ఈ పటములు బొత్తిగా క్రొత్తవి కావు. పాతకాలపు దొరల బంగళాలలో, క్లబ్బులలో ఎఱ్ఱకోటు తొడిగిన రౌతులు కంచెలు దాటుచున్న బొమ్మలను చూచినవారు మనలో నెందఱో యుందురు. వానిని గోడకు అలంకారములుగా చూచితిమే కాని, అవి యేమి చెప్పుచున్నవో విచారించినవారము కాము. పైగా ఈ చిత్రసంప్రదాయములో అగ్రగణ్యమైన పటములలో నొకదానికి మూలము మన చెన్నపట్టణమే. ఆ కథ చెప్పుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మొదటివాడు ఫ్రాన్సిస్ బార్లో. రెండవ చార్లెస్ రాజు ఎదుట 1684లో విండ్సరుకోట చేరువను జరిగిన గుఱ్ఱపు పందెమును ఈతడు రాగిరేకుపై చెక్కి 1687లో అచ్చు వేసెను. ఇంగ్లండులోని గుఱ్ఱపు పందెమును చూపు బొమ్మలలో మనకు తెలిసినంతలో ఇదియే తొలిది. అప్పటికి రాజు గతించి రెండేండ్లయినది. పిదప జాన్ వూటన్, ఆంట్వెర్ప్‌నుండి వచ్చిన పీటర్ టిలిమన్స్, జేమ్స్ సీమర్ అనువారు ఈ వృత్తిని నిలువబెట్టిరి. సీమర్ గుఱ్ఱములను చిత్రించుటతో తృప్తిపడక వానిపై పందెములు కాసి, తండ్రి గడించిన సొమ్మును పోగొట్టెను.

వీరి కాలముననే తూర్పుదేశపు గుఱ్ఱములు ఇంగ్లండు చేరెను. బైర్లీ టర్కు, డార్లీ అరేబియను, గొడాల్ఫిన్ అరేబియను అను మూడు పోతుగుఱ్ఱములనుండియే నేటి పందెపుజాతి మగవంశము లన్నియు దిగినవి. వానిలో డార్లీ గుఱ్ఱము 1704లో అలెప్పో నగరమునుండి వచ్చినది. నేటి పందెపుగుఱ్ఱములలో అత్యధిక సంఖ్యకు మగవైపు మూలపురుషుడు అదియే. గుఱ్ఱమునకు వంశావళి యేర్పడుటతో దాని రూపము పత్రమువలె భద్రపఱుపదగిన దయ్యెను. నుదుటి చుక్క యెట్టిది, ఏ కాలు తెలుపు, మెడవంపు ఎంత అనునవి చిత్రకారుడు తప్పక చూపవలెను. కనుకనే ఆ తొలి పటములలో గుఱ్ఱము ప్రక్కవాటుగా బిగుసుకొని నిలుచుండును. అవి చిత్రములకంటె దస్తావేజులకే దగ్గఱ.

గుఱ్ఱమునకును వేటకును కళలో చోటిచ్చుట ఆంగ్లేయులే కనుగొన్న విద్య కాదు. హంపీలోని మహానవమి దిబ్బచుట్టు వరుసవరుసలుగా చెక్కిన అశ్వములను, జింకలవేటను చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్ప నక్కఱలేదు. విజయనగర ప్రభువులును సముద్రముదాటి వచ్చిన అరబ్బు గుఱ్ఱములకు బంగారము పోసినవారే. భేద మొక్కటి కలదు. హంపీ శిల్పము రాజు వైభవమును ప్రజలు గుమిగూడు చోట చాటినది. ఇంగ్లండు పటము పల్లెప్రభువు భోజనశాలలో వ్రేలాడి, అతని విందుకు వచ్చిన సాటి ప్రభువులకు మాత్రమే కనిపించినది.

ఈ దస్తావేజును కళగా మార్చినవాడు జార్జ్ స్టబ్స్. 1724లో లివర్‌పూలులో తోళ్ళు బాగుచేయువాని యింట పుట్టెను. యార్కు నగరమున వైద్యవిద్యార్థులకు శరీరశాస్త్రము బోధించి, 1751లో వెలువడిన యొక ప్రసూతివైద్య గ్రంథమునకు బొమ్మలు చెక్కెను. 1756 ప్రాంతమున లింకన్‌షైరులోని హార్క్‌స్టో అను పల్లెలో ఒక యిల్లు తీసికొని, జీవితసహచరియైన మేరీ స్పెన్సరు తోడుగా సుమారు పదునెనిమిది నెలలు గుఱ్ఱముల కళేబరములను కోసి పరిశీలించెను. ఇంటికప్పునుండి కొక్కెములతో చచ్చిన గుఱ్ఱమును బ్రతికి నిలిచినట్లు వ్రేలాడదీసి, నాళములలో మైనము ఎక్కించి, చర్మమునుండి ఎముకవఱకు పొరపొరగా ఒలిచి, ప్రతి పొరను కొలిచి గీసెను. ఒక కళేబరముతో పదునొకండు వారములు పనిచేసెనట! ఆ గదిలోని దుర్గంధమును పాఠకులే ఊహించుకొందురు గాక. లండనులోని చెక్కడపుపనివారు ఆ బొమ్మలను చేపట్టకపోగా రేకులను తానే చెక్కుకొని, 1766లో 'అశ్వశరీర నిర్మాణము' అను గ్రంథమును ప్రకటించెను. ఏ విద్యాపీఠమును పంపలేదు, ఏ ప్రభువును జీతమీయలేదు. మా దృష్టిలో ఆయన పటములన్నిటికంటె ఈ గ్రంథమే ఆయన గొప్పదనమునకు ఎక్కువ సాక్ష్యము.

దాని ఫలము సుమారు 1762లో వ్రాసిన 'విజిల్‌జాకెట్' పటమున కాననగును. రాకింగ్‌హాం ప్రభువు గుఱ్ఱమది. తొమ్మిదిన్నర అడుగుల యెత్తుగల ఆ పటములో రౌతు లేడు, పచ్చిక లేదు, ఆకాశము లేదు. మైదానపు రంగుమీద ముందుకాళ్ళెత్తి నిలిచిన గుఱ్ఱమొక్కటే యున్నది. 1799లో న్యూమార్కెట్టున హాంబుల్టోనియన్ అను గుఱ్ఱము పెద్దపందెము గెలిచినప్పుడు యజమాని వేన్-టెంపెస్ట్ స్టబ్స్‌చేత దాని బొమ్మను వ్రాయించెను. విజయోత్సాహము గల బొమ్మను అతడాశించి యుండును. డెబ్బదియైదేండ్ల ముసలివాడు వ్రాసినది కొరడాదెబ్బలు తిని, చెమటలు క్రక్కి, నిలువలేక నిలుచున్న గుఱ్ఱమును. ప్రక్కనున్న సైసును, ఒడలు తుడుచు కుఱ్ఱవాడును మనవైపే సూటిగా చూచుచుందురు. యజమాని అడిగిన వెల ఈయకపోగా స్టబ్స్ న్యాయస్థానమునకు పోయి గెలిచెను.

ఇక మన కథ. జార్జ్ పిగట్ 1755 నుండి 1763 వఱకు చెన్నపట్టణపు గవర్నరు. ఆయన పదవిలో నుండగనే 1759లో బందరుకోట ఫ్రెంచివారినుండి ఆంగ్లేయుల వశమైనది. స్వదేశమునకు మఱలినపుడు ఆయన మూడవ జార్జి రాజునకు కానుకగా నొక చీతాను, దానిని సాకుటకు భారతీయ సేవకులను తీసికొనిపోయెను. చీతాచేత జింకలను వేటాడించుట మన దేశపు రాజుల వినోదము. ఇంగ్లండులో ఆ వేటను చూచినవారు అరుదు. 1764 జూన్ 30న విండ్సరు వనములో వలల ఆవరణము కట్టి, చీతాను ఒక కొమ్ములదుప్పిపైకి విడిచిరి. ఫలితము దొరలు తలచినట్లు కాలేదు. దుప్పి పాఱిపోక కొమ్ములొగ్గి చీతాను త్రిప్పికొట్టెను. చీతా ఆవరణము దాటిపోయి, వనములో మేయుచున్న వేఱొక చిన్నజాతి జింకను చంపెను.

స్టబ్స్ చిత్రించినది ఈ భంగపాటును కాదు, దానికి ముందటి క్షణమును. తెల్లని దుస్తులు, తలపాగాలు ధరించిన ఇద్దఱు భారతీయులు చీతాకు ఇరుప్రక్కల నున్నారు. ఒకడు దాని కంటిగంతలను పైకి తీసి, నడుమునకు కట్టిన ఎఱ్ఱపట్టీని బిగించి పట్టుకొనియున్నాడు. రెండవవాడు చేయి చాపి దుప్పిని చూపుచున్నాడు. దుప్పి నిశ్చలముగా చూచుచున్నది. వెనుకనున్న కొండలు విండ్సరువి కావు, చిత్రకారుడు కల్పించినవి. గుఱ్ఱమును ఎంత శ్రద్ధతో చూచునో ఆ ఇద్దఱి ముఖములను, వారి చేతుల నేర్పును స్టబ్స్ అంత శ్రద్ధతో చూచెను. తూర్పుదేశపువారిని వింతవస్తువులుగా చిత్రించు ఆ కాలమున ఇది సామాన్యవిషయము కాదు. వేటలో పనితనము తెలిసినవారు వారిద్దఱేనని పటము స్పష్టముగా చెప్పుచున్నది. 1765లో దీనిని 'వేటపులి' అను పేర ప్రదర్శించిరి. ఆంగ్లేయులకు అప్పటికింకను చీతాకును పులికిని భేదము చెప్ప నలవాటు లేదు. పిగట్ 1775లో మరల చెన్నపట్టణపు గవర్నరుగా వచ్చి, మఱుసటియేట తన సభ్యులచేతనే నిర్బంధింపబడి, 1777లో నిర్బంధములోనే మరణించెను.

చీతావేట మన ప్రాంతమున తరువాత శతాబ్దములోను సాగెను. 1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా నున్న ఓ. బి. ఇర్విన్ వేటలో విజయనగరపు రాజుగారి చీతా మీదపడగా మరణించెను. చీతా మనుష్యుని చంపుట మిక్కిలి అరుదు. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధీశుడు మూడు చీతాలను తుపాకితో కాల్చెను. దేశమున చివరివి అవియేనని చెప్పుదురు. 1952లో ప్రభుత్వము ఆ జాతి నశించినదని ప్రకటించినది. 2022లో నమీబియానుండి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో విడిచిరి.

తైలచిత్రములు ప్రభువులవి, అచ్చుబొమ్మలు మధ్యతరగతివారివి. రాగిరేకులనుండి అచ్చువేసి చేతితో రంగులద్దిన బొమ్మలను హెన్రీ ఆల్కెన్ మొదలగువారు వందలకొలది వెలువరించిరి. భారతదేశపు వేటయు ఈ అంగడికెక్కినది. వంగదేశపు సైన్యములో పనిచేసిన కెప్టెన్ థామస్ విలియమ్సన్ రచనకు శామ్యూల్ హోవిట్ గీసిన నలుబది బొమ్మలతో 'ఓరియంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్' అను బృహద్గ్రంథము 1807లో పూర్తియయ్యెను. హోవిట్ భారతదేశమున అడుగు పెట్టినవాడు కాడు! విలియమ్సన్ నమూనాలను చూచి లండనులో కూర్చుండి ఏనుగులను, పులులను కల్పించెను. సుమారు 1815 నుండి స్పోడ్ అను పింగాణీవ్యాపారులు ఆ బొమ్మలనే నీలిరంగున పళ్ళెములపై ముద్రించిరి. మన అడవిలోని ఎలుగుబంటి చావు ఇంగ్లండు గృహస్థుని భోజనపుబల్లమీద కనబడినది.

ఈ పటములలో ఎక్కువగ కానవచ్చునది నక్కవేట. మన భాషలో నక్క యనిన జంతువు వేఱు, వారి నక్క వేఱు. అందుచేతనే ఉదకమండలములోని దొరలు స్వదేశపు వేటకుక్కలను తెప్పించియు మన నక్కనే తఱుమవలసివచ్చెను. పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున లెస్టర్‌షైరులో హ్యూగో మేనెల్ అను భూస్వామి వేగముగ పరుగెత్తు కుక్కలను పెంచి ఈ వేటను కొత్తదారి పట్టించెను. ఉమ్మడి పొలములకు కంచెలు కట్టి ప్రత్యేక క్షేత్రములుగ మార్చుటయు ఆ కాలముననే విజృంభించెను. రౌతు దాటుచున్న చక్కని పచ్చకంచె వెనుక, ఉమ్మడి పచ్చికబీడు పోగొట్టుకొన్న రైతు యుండెను. అతడు పటములో లేడు.

వేటహక్కు సంగతియు నిట్టిదే. 1671నాటి శాసనము ప్రకారము ఏటా నూఱు పౌనుల రాబడిగల స్వంతభూమియో, తత్తుల్యమైన అర్హతయో లేనివాడు తన పొలములో పంటతిను కుందేలునైన చంపరాదు. 1723లో ముఖమునకు మసిపూసికొని జింకలను దొంగిలించినవారికి మరణదండనము విధించిరి. దొంగవేటగాండ్ర కొఱకు అడవులలో అమర్చిన బోనులను, తమంతట ప్రేలు తుపాకులను 1827లో నిషేధించిరి. భూమి యర్హత నియమము 1831లో తొలగినది. ఆల్కెన్ బొమ్మలలో నవ్వుచున్న పెద్దమనుష్యులను చూచునపుడు ఈ తేదీలను జ్ఞప్తియందుంచుకొనుట మంచిది. బొమ్మలు అబద్ధము చెప్పవు. అయితే సగమే చెప్పును.

పండితుల దృష్టిలో ఈ కళకు గౌరవము తక్కువ. 1768లో స్థాపితమైన రాయల్ అకాడమీ పురాణేతిహాస చిత్రమును అగ్రపీఠమున నిలిపి, జంతుచిత్రమును క్రింద కూర్చుండబెట్టెను. 1781లో స్టబ్స్‌ను పూర్ణసభ్యునిగ ఎన్నుకొనియు, నియమానుసారము ఈయవలసిన పటమును ఆయన ఈయలేదని ఆ హోదాను స్థిరపఱుపలేదు. 'గుఱ్ఱపుబొమ్మలవాడు' అను బిరుదు ఆయనను కడవఱకు వదలలేదు. ఆక్షేపణకు తావులేకపోలేదు. దౌడుతీయు గుఱ్ఱము ముందుకాళ్ళు ముందుకు, వెనుకకాళ్ళు వెనుకకు చాచి గాలిలో తేలునట్లు వీరందఱు వ్రాసిరి. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ తీసిన వరుస ఛాయాచిత్రములవలన అట్టి స్థితి దౌడులో లేదనియు, నాలుగు కాళ్ళు నేలవీడునది అవి పొట్టక్రింద ముడుచుకొన్నపుడేననియు తేలెను. కళేబరమును పొరపొరగా నెఱిగిన స్టబ్స్ సయితము పరుగును కంటితో పట్టలేకపోయెను.

ఎడ్విన్ లాండ్సీర్ కొండదుప్పిని, ఆల్ఫ్రెడ్ మన్నింగ్స్ పందెపు మైదానములను చిత్రించి ఈ సంప్రదాయమును ఇరువదవ శతాబ్దము మధ్యవఱకు నడిపించిరి. స్టబ్స్ పేరు మరల పైకి వచ్చుటకు ముఖ్యకారకుడు పాల్ మెలన్ అను అమెరికా ధనికుడు. 1936లో స్టబ్స్ పట మొకటి కొని, జీవితమంతయు సేకరించి, తన నిధిని యేల్ విశ్వవిద్యాలయమున కొసగెను. ఆ చిత్రశాల 1977లో తెఱవబడినది. 1997లో లండను జాతీయ చిత్రశాల 'విజిల్‌జాకెట్'ను ఒక కోటి పదిలక్షల పౌనులకు కొనెను. ఏడేండ్లకు, 2004లో, కుక్కలతో నక్కలను వేటాడుటను ఇంగ్లండు, వేల్సు దేశములలో శాసనము నిషేధించెను.

పిగట్ వ్రాయించిన చీతాపటము 1970లో మాంచెస్టరు నగర చిత్రశాలకు చేరినది. 'వేటపులి' అను పాతపేరు ఇప్పుడు లేదు. 'చీతా, దుప్పి, ఇద్దఱు భారతీయులు' అని వ్యవహరించుచున్నారు. గవర్నరు పేరు అందులో లేదు. ఆ ఇద్దఱి పేర్లును లేవు.