పుట్టి పోయినవాళ్ల లెక్క

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఒక పెద్దావిడ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. స్టేషన్ వైపు రైలు కూసినప్పుడల్లా ఆమె మాట ఆపి, కూత అయ్యాక మళ్లీ అందుకుంటోంది. నా ఒళ్లో జనన చరిత్ర పట్టిక ఉంది. కాన్పుకో వరుస.

"ఎంతమంది పిల్లలమ్మా?"

"నలుగురు బిడ్డా."

తేదీలు తెలియవు, గుర్తులున్నాయి. పోలీస్ యాక్షన్ నాటికి తను చంటిపిల్ల. పెద్దోడు 1969 తెలంగాణ లొల్లిలో పుట్టాడు. రెండోది 1971 యుద్ధమప్పుడు. మూడోవాడు ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, అంటే 1977. ఆ తర్వాత రెండేళ్లకు చిన్నది.

రెండో వరుసకూ మూడో వరుసకూ నడుమ నా పెన్ను ఆగింది. ఆరేళ్ల ఎడం! మధ్యలో ఒక కాన్పు మాటల్లోకి రాలేదేమో.

"పుట్టి, ఏడ్చి, తర్వాత పోయిన బిడ్డ ఎవరన్నా ఉన్నారా అమ్మా?"

"ఆడపిల్ల. గోల్కొండ బోనాలప్పుడు పుట్టింది. లష్కర్ బోనాల నాటికి లేదు." చీర కొంగు సర్దుకుంది. "పోయినోళ్లను గూడ రాస్తరా బిడ్డా?"

"రాస్తాం అమ్మా."

అప్పుడామెకు ఏడాది కూడా గుర్తొచ్చింది, 1974. కొత్త వరుస నింపాను: ఆడ, ఆషాఢం, నెల నిండలేదు. 1971 జనగణన నాటికి ఆ పిల్ల పుట్టలేదు, 1981 నాటికి లేదు. రెండు లెక్కల నడుమ వచ్చి వెళ్లిపోయింది.

లష్కర్ బోనాల వెనకా మృత్యువే ఉంది. 1813లో కలరా ఊడ్చేస్తుంటే, పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకున్నాడని, 1815లో ఇక్కడ మహంకాళిని నిలిపాడని చెబుతారు. ఆ కలరాలో ఏ ఇంట్లో ఎవరు పోయారో మాత్రం ఆ కథ చెప్పదు. 1911లో సుమారు 1 కోటి 34 లక్షలున్న హైదరాబాద్ సంస్థానం జనాభా 1921కి 1 కోటి 25 లక్షలకు పడిపోయింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా, ప్లేగు, కరువు చేసిన పని అది. జనగణన తరుగు చూపింది కానీ తల్లుల కడుపుకోత చూపలేదు.

ఫ్రాన్స్‌లో లూయీ హెన్రీ చర్చి రిజిస్టర్లలోని బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు కలిపి పాత కుటుంబాలను తిరిగి కట్టాడు. మన ఇళ్లలో చాలావాటికి అలాంటి రిజిస్టరే లేదు. తల్లి జ్ఞాపకమే రిజిస్టర్. తల్లి వయసు తెలిస్తే, కన్న పిల్లలెందరు, మిగిలినవారెందరు అన్న రెండు జవాబులతోనే పసిపిల్లల మరణాలను అంచనా వేసే దారి విలియం బ్రాస్ చూపించాడు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం కుదరకుండా ఏ ఇల్లూ అంత తక్కువతో సరిపెట్టుకోదు. ఆ నమ్మకం ఎంత ఆలస్యంగా వచ్చిందో ఈమె తరమే చెప్పగలదు. అందుకే నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను: "నలుగురు" అనగానే పట్టిక మూయకండి. ఎడం చూడండి, అడగండి, రాయండి.