రెండు సవరన్ల సీసం

విజయలలిత 1970లో ‘రివాల్వర్ రీటా’గా, మరుసటేడు ‘రివాల్వర్ రాణి’గా తుపాకి పేల్చిందంటే చాలు, విలన్ గాల్లో పల్టీకొట్టి పడాల్సిందే. నిజం రివాల్వరు అంత సులువుగా మనిషిని పడెయ్యదండీ. పడెయ్యడమెలాగని దొరలు నూరేళ్లు తలలు బద్దలు కొట్టుకున్నారు.

ఆ దొరలతో మా శ్రీకాళహస్తికి పాత చుట్టరికమే ఉంది. 1639లో వాళ్లకు చెన్నపట్నంలో జాగా ఇచ్చింది మా కాళహస్తి దామెర్ల నాయకులే మరి! జాగా దొరికితే కోట, కోట వెనకాల సైన్యం. 1887లో ఆ సైన్యం చేతికి వెబ్లీ రివాల్వరు వచ్చింది. దాని గుండు లావు .455 అంగుళం, బరువు సుమారు 17 గ్రాములు. మన లెక్కలో రెండు సవరన్ల పైమాటే. వేగం మాత్రం సెకనుకు ఆరువందల అడుగులు, అంతే. అది చాలలేదని 1898లో మొన బోలుగా ఉన్న గుండు చేశారు. ఒంట్లోకి దిగాక విచ్చుకుంటుందన్నమాట. ‘మనిషిని ఆపేది’ అని ముద్దుపేరు కూడాను! మరుసటేడే హేగ్ సభలో అలా విచ్చుకునే గుండ్లను సంతకం చేసిన దేశాల మధ్య యుద్ధాల్లో వాడకూడదని ఒప్పందం రాసుకున్నారు. వలస దేశాల జనం సంగతి ఆ కాగితంలో లేదు.

అమెరికావాళ్లదీ అదే బాధ. ఫిలిప్పీన్స్‌లో మోరోలు .38 గుండు తగిలినా ఆగకుండా మీదికొస్తున్నారని, 1904లో షికాగో పశువుల కబేళాలో రకరకాల గుండ్లు పేల్చి చూశారు. బతికున్న గొడ్ల మీద, మనుషుల శవాల మీద. .45కి తగ్గకూడదని తేల్చారు. ఆ నోరులేని జీవాలు ఏం పాపం చేశాయో!

లావొక్కటే కాదు, వేగమూ ఉంది. రోకలి బరువు రెట్టింపైతే పోటు రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే పోటు నాలుగింతలు. 1955లో వచ్చిన .44 మాగ్నం గుండు వెబ్లీ గుండుకన్నా కాస్త తేలికే. కానీ సెకనుకు దగ్గరదగ్గర పధ్నాలుగు వందల అడుగులు దూకుతుంది కనక దెబ్బ అయిదింతలు. ఆ దూకుడుకు రివాల్వరు వెనక్కి చేతినీ తంతుంది. బ్రిటిష్‌వాళ్లు 1930ల్లో .38కి దిగొచ్చింది అందుకే. కొత్త సిపాయి చెయ్యి అదిరితే ఎంత లావు గుండైనా గోడకే!

మనదగ్గర సైన్యం, పోలీసులు వాడే సైజులు మామూలు జనానికి నిషిద్ధం. 2012 ఢిల్లీ ఘోరం తర్వాత, 2014లో ఆడవాళ్లకోసమని కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం తెచ్చిన ‘నిర్భీక్’ కూడా .32దే. అరకిలో బరువు. దాని గుండు సవరను కూడా తూగదు, దెబ్బ వెబ్లీలో సగం. అప్పట్లో ధర లక్షా ఇరవై రెండు వేల పైమాట. అప్పటి రేటుకు అయిదు సవరన్ల బంగారం! లైసెన్సు కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే చెప్పులరుగుదల వేరే.