గాలి తిరగబడినప్పుడు బోల్టు ఎక్కడ ఉండాలి: నర్సీపట్నం పెంకుటిళ్ల కలప అతుకులపై ఒక పరిశీలన

నర్సీపట్నం మన్యానికి వాకిలి. టేకు, మద్ది వాసాల మీద బెంగుళూరు పెంకు కప్పిన పాత ఇళ్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. వాటి అతుకుల్లో బోల్టు బలాన్ని ఇనుము మందం చూసి అంచనా వేయడం మన అలవాటు. కలప చీలిక లెక్కలోకి రానంతకాలం ఆ అంచనా మనల్ని మోసం చేస్తూనే ఉంటుందని ఈ వ్యాసం వాదన.

బోల్టు అతుకుల సిద్ధాంతానికి పునాది 1949లో డెన్మార్క్ ఇంజనీరు యోహాన్సెన్ వేశాడు: ఒకవైపు బోల్టు వంగుతుంది, మరోవైపు రంధ్రం గోడ నలుగుతుంది. కలప నిర్మాణాలకు ఐరోపా ప్రమాణమైన యూరోకోడ్ 5 ఆ దారిలోనే నడుస్తుంది. దాని ప్రకారం 12 మి.మీ. బోల్టు నారకు అడ్డంగా ఒత్తినప్పుడు మెత్తని కలప నలుగుడు బలం 65 శాతానికి పడిపోతుంది. గట్టి కలపలో మాత్రం 93 శాతం నిలుస్తుంది. అంటే మద్ది, టేకు నలగడానికి తొందరపడవు. ప్రమాదం చీలికది. రంధ్రం పక్కన వెంట్రుకంత బీట మొదలై నార వెంబడే పాకిపోతుంది. బోల్టు వంగదు, నట్టు వదులు కాదు, కాబట్టి పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

బరువుకు గాలి తోడైతే సంగతి మారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 విశాఖకు ఇచ్చే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. దాని పీడనం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు. పట్టీలతో సహా పెంకుల బరువు సుమారు 0.65 మాత్రమే. కప్పు మీద గాలి చూషణ ఆ పీడనంలో సగం దాటితే చాలు, కిందికి నొక్కే కప్పు పైకి లాగుతుంది.

స్తంభానికి పక్కగా ఒకే బోల్టుతో బిగించిన 50×150 మి.మీ. దూలాన్ని తీసుకుందాం. బోల్టు కింది అంచుకు 50 మి.మీ. ఎత్తున ఉంది. యూరోకోడ్ చీలిక సూత్రం ప్రకారం బరువు మోసేటప్పుడు దూలం 12.1 కిలోన్యూటన్లు తట్టుకుంటుంది. గాలి పైకి లాగితే భారం పడే అంచు తారుమారై ఆ బలం 6.1కి, అంటే సగానికి దిగుతుంది. బోల్టు సరిగ్గా నడిమి ఎత్తున ఉంటే రెండు దిశల్లోనూ 8.6. సూత్రం మెత్తని కలపకు రాసింది కనుక అంకెలను మద్దికి యథాతథంగా అంటగట్టకూడదు. నిష్పత్తిని మాత్రం నిర్లక్ష్యం చేయలేం.

బరువును మాత్రమే తలచుకున్న వడ్రంగి బోల్టును కిందికి దించడం న్యాయమే. తుపాను తాకే నేల మీద కొంత బలం వదులుకునైనా నడిమికి జరపడం మేలు. పైకి లాగే అతుకులో చిన్న వాషరు కలపలోకి దిగబడుతుంది. దాని వ్యాసం బోల్టుకు కనీసం మూడు రెట్లుండాలి. చివరి రంధ్రం నుంచి దూలం కొసదాకా, భారం కొసవైపు లాగే చోట, బోల్టు వ్యాసానికి ఏడు రెట్లు, ఎంత తగ్గినా 80 మి.మీ. వదలాలి. వాననాడు ఉబ్బి ఎండకు కుంచించుకునే కలపలో నట్టును ఏటా వేసవి చివర మళ్లీ బిగించాలి.