కకావ్ నుండి కోకో

గోదావరి మండలములలో కొబ్బరితోటల నీడన కోకో చెట్లను పెంచుచున్నారు. హిందీలోను ఆ చెట్టునకు ఇదే పేరు. ఇంగ్లీషునుండి వచ్చిన ఈ పేరు నిజమునకు ఒక పొరపాటు.

మూలపదము మధ్య అమెరికా ఆదివాసులది. మాయాజాతివారు దీనిని 'కకావ్' అనిరి. గ్వాటెమాలాలోని రియో అజుల్ సమాధిలో 1984లో బయల్పడిన పాత్రపై ఆ మాట వారి లిపిలోనే వ్రాసియున్నది. ఆ పానీయపు అవశేషమును అందులోనే దొరకినది. అంతకుమునుపే, 1976లో, కాంబెల్, కాఫ్మన్ అను భాషావేత్తలు ఈ మాటను ఓల్మెక్ నాగరికతతో ముడిపెట్టిరి, అందరును అంగీకరింపలేదు. మెక్సికోలోని నహువాట్ల్ భాషలో అది 'కకావాట్ల్'; స్పెయిన్‌వారు తోక కత్తిరించి 'కకావో' చేసిరి.

కొబ్బరికాయ మూడు కన్నులలో బూచివాని మొగము కనిపించి పోర్చుగీసువారు దానిని 'కోకో' అనిరి. ఇంగ్లీషువారు రెంటిని కలగాపులగము చేసిరి. 1755 నాటి జాన్సన్ నిఘంటువులో రెండు చెట్ల వివరణములును కలిసిపోయినవి. అంతటి పండితునికే తప్పలేదు!

బ్రెజిల్ ఆదివాసుల మాటను హిందీ 'కాజూ'గా నిలుపుకొన్నది. తెలుగు 'జీడిమామిడి' అని సొంతపేరు కల్పించుకొన్నది. కోకో విషయమున రెండు భాషలును పరుల పొరపాటునే స్వీకరించినవి. నేడు అనువాదకుడు 'కకావో' అనినచో పాఠకుడు తికమకపడును. 'కోకో' అనినచో మాయావారి మాట మరుగుపడును.