విల్లంబుల నుంచి స్కోప్ దాకా: నల్లమల చెంచుల గురి

సెల్‌ఫోన్ మన పెంటల దాకా వచ్చిన తర్వాత యువత కళ్లకు ఒక కొత్త ఆయుధం కనిపిస్తున్నది. దాని పేరు క్రాస్‌బో. తుపాకీలా భుజానికి ఆనించి మీట నొక్కితే బాణం దూసుకుపోయే అడ్డవిల్లు అది. దాని మీద నల్లటి గొట్టంలాంటి దుర్భిణి బిగించి ఉంటుంది. దాన్నే స్కోప్ అంటారు. "మన తాతల విల్లంబుల కంటే ఇది మేలు కదా, ఎలాంటి స్కోప్ మంచిది?" అని మన పిల్లలు అడుగుతున్నారు. విల్లు పట్టిన జాతి పిల్లలు కొత్త విల్లు గురించి అడగకపోతేనే ఆశ్చర్యపోవాలి. అందుకే ఈ సంచికలో ఆ ప్రశ్నకు జవాబు రాస్తున్నాం. ముందుగా మన విల్లు చరిత్ర చెప్పి, ఆ తర్వాత స్కోప్ సంగతికి వస్తాం.

ఇంటింటి విల్లంబులు

కృష్ణానదికి ఉత్తరాన ఉన్న నల్లమల మనది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్, మన్ననూర్, లింగాల ప్రాంతాలు, నల్లగొండ వైపు చందంపేట, దేవరకొండ అడవులు మన చెంచుల తావులు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు అమ్రాబాద్ వైపు పెంటలు నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరు మారినా అడవి అదే.

నిజాం పాలనలో, 1940లో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఈ పీఠభూమి మీది పెంటల్లో ఉండి మన పెద్దల బతుకును రాసుకున్నారు. ఆ పుస్తకం 1943లో అచ్చయింది. అప్పటి చెంచు ఇంట్లో ఆస్తి ఎంత ఉండేదో అందులో చదవవచ్చు. విల్లంబులు, గొడ్డలి, కత్తి, గడ్డలు తవ్వే ఇనుప మొన కర్ర, కొన్ని కుండలు, బుట్టలు. అంతే. బాణం ములికికి కావలసిన ఇనుము అడవిలో దొరికేది కాదు. దాని కోసం మైదానంలోని కమ్మరి దగ్గరికి దిగేవాళ్లు. అంటే మన విల్లు ఒంటరి అడవిమనిషి వస్తువు కాదు. వెదురు అడవిది, ఇనుము ఊరిది. రెండింటినీ కలిపే లావాదేవీ దాని వెనుక ఉంది.

అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. దీన్ని మన యువత తప్పక తెలుసుకోవాలి. చెంచులంటే వేటగాళ్లని బయటి లోకం అనుకుంటుంది. నిజానికి మన పెద్దల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలు, పండ్లు, ఆకులు, తేనె. ఆడవాళ్ల చేతిలోని తవ్వే కర్ర రోజూ తిండి పెట్టింది. విల్లు ఎప్పుడో ఒకనాడు పెట్టింది. మాంసం దొరికిన రోజు పండుగ. దొరికినదాంట్లో ముందుగా చిన్న ముక్క కోసి గారెల మైసమ్మకు పెట్టేవాళ్లు. ఆడ జంతువును చంపితే ఆమెకు కోపం వస్తుందని పెద్దలు చెప్పేవారు. అడవి ఇచ్చిందే తినాలి, అడిగి తినాలి అన్నది ఆ మాటలో ఉన్న నీతి.

దగ్గరికి పోవడమే గురి

వెదురు విల్లుకు స్కోప్ లేదు, గురి చూసే పిన్నూ లేదు. మరి గురి ఎట్లా కుదిరింది?

కుదిరింది విల్లులో కాదు, కాళ్లలో. వెదురు విల్లు నమ్మకంగా పనిచేసే దూరం తక్కువ. అందుకని వేటగాడు దూరాన్ని గెలవాలని చూడలేదు, దాన్ని తగ్గించుకున్నాడు. గాలి ఎటు వీస్తున్నదో చూసి ఎదురుగాలిలో నడిచాడు, వాసన జంతువు వైపు పోకుండా. ఎండుటాకు చప్పుడు కాకుండా అడుగు వేశాడు. ఎండాకాలంలో ఏ చెలమలో నీళ్లు మిగిలి ఉంటాయో, ఏ ఇప్పచెట్టు కింద పువ్వు రాలుతుందో, అక్కడికి ఏ వేళకు ఏది వస్తుందో తెలుసుకున్నాడు. కుక్క తోడు ఉండేది. ఇన్నీ అయ్యాక బాణం వదలడం చివరి పని. అది తగిలిన తర్వాత కూడా పని అయిపోదు. నెత్తుటి చుక్క, విరిగిన గడ్డి, తిరగబడిన రాయి చూసుకుంటూ జాడ పట్టాలి.

పిల్లలు చిన్న విల్లుతో ఆడుకుంటూనే ఇదంతా నేర్చారు. బాణం ఎంత దూరంలో ఎంత కిందికి జారుతుందో లెక్క కట్టలేదు. వేల సార్లు వదిలి వదిలి ఆ లెక్క ఒంట్లోకి ఎక్కింది. ఈనాటి విలువిద్య శిక్షకులు ఏ సాధనమూ లేకుండా కంటితోనే గురి కుదుర్చుకునే పద్ధతి అని నేర్పేది సరిగ్గా ఇదే.

అదే కాలంలో మన అడవిలోనే ఇంకో రకం వేట ఉండేది. ఫరహాబాద్ నిజాం కాలపు వేట విడిది. అక్కడ తుపాకులు మాట్లాడాయి. తుపాకీ పట్టినవాడికి పులి జాడ చూపడానికి మాత్రం అడవి తెలిసినవాడే కావలసి వచ్చింది. దూరం నుంచి కొట్టే ఆయుధం ఎంత గొప్పదైనా, ఎక్కడ ఉందో చెప్పే కన్ను దానికి లేదు.

స్కోప్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

క్రాస్‌బో మన నల్లమల ఆయుధం కాదు. మన దేశంలో ఈశాన్యాన కొన్యక్ నాగాలు, సముద్రంలో నికోబార్ దీవుల వాళ్లు దాన్ని వాడారు. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటే దాన్ని సైన్యాలు వాడాయి. అక్కడి కంచు మీటల మీద గురి చూసుకోవడానికి నిలువు పలక ఉండేది. కొన్నింటి మీద దూరాన్ని బట్టి గీతలు కూడా గీశారు. ఈనాటి స్కోప్ లోపలి గీతలకు అవే పూర్వీకులు అనుకోవచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. ఇప్పటి క్రాస్‌బో బాణం సెకనుకు సుమారు 300 అడుగుల వేగంతో పోతుందనుకుందాం. 90 అడుగుల దూరం, అంటే 30 గజాలు, దాటడానికి సెకనులో మూడో వంతుకు కొంచెం తక్కువ పడుతుంది. ఆ కాస్తలోనే బాణం దాదాపు అడుగున్నర కిందికి జారుతుంది. 40 గజాలకు ఆ జారుడు రెండున్నర అడుగులు. పది గజాలు పెరిగితే ఒక అడుగు తేడా! అందుకే క్రాస్‌బో స్కోప్‌లో ఒకే గీత ఉండదు. 20, 30, 40, 50 గజాలకు ఒకదాని కింద ఒకటి గీతలు ఉంటాయి. తుపాకీ స్కోప్ దీనికి పనికిరాదు. గుండు వేగం వేరు, బాణం వేగం వేరు.

ఎంపికలో చూసేవి నాలుగు. మొదటిది, ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నది. క్రాస్‌బోకు ఒకటిన్నర నుంచి నాలుగైదు రెట్లు చాలు. అంతకు మించితే చేతి వణుకు కూడా పెద్దగా కనిపిస్తుంది, చుట్టుపక్కల చూపు ఇరుకవుతుంది. రెండోది వెలుగు. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి అందే వెలుగు వలయం వస్తుంది. 32 మిల్లీమీటర్ల అద్దం, 4 రెట్లు అయితే 8 మిల్లీమీటర్లు. చీకట్లో మన కంటిపాప తెరుచుకునేది సుమారు 7 మిల్లీమీటర్లు కాబట్టి అది సరిపోతుంది. మూడోది, లోపలి గీతలు మన విల్లు వేగానికి సరిపోవాలి. బాణం బరువు మారితే వేగం మారుతుంది, గీతలు అబద్ధమవుతాయి. నాలుగోది, బిగింపు గట్టిగా ఉండాలి. మీట నొక్కినప్పుడల్లా వచ్చే కుదుపుకు స్కోప్ వెంట్రుకవాసి కదిలినా గురి పోయినట్టే.

వాడకంలో మొదటి పని గురి సరిచేయడం. 20 గజాల నుంచి దిమ్మ మీద మూడు బాణాలు వదిలి, ఆ మూడింటి నడిమి చోటు చూసుకుని, స్కోప్ మరలు తిప్పి సరిచేయాలి. సాధారణంగా ఒక్కో క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. అంటే 20 గజాల దగ్గర ఒక అంగుళం జరపాలంటే 20 క్లిక్కులు తిప్పాలి. ఒక్క బాణం చూసి మర తిప్పకూడదు, తప్పు బాణానిదో చేతిదో తెలియదు. విల్లు ఒక పక్కకు ఒరిగినా బాణం ఆ పక్కకే పోతుంది.

ఇంత చేసినా స్కోప్‌కు తెలియని సంగతులు రెండున్నాయి. ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో దానికి తెలియదు. దూరం తప్పుగా అంచనా వేస్తే సరైన గీత కూడా తప్పే. రెండోది చప్పుడు. శబ్దం సెకనుకు సుమారు 1,100 అడుగులు పోతుంది. అల్లెతాడు చప్పుడు 90 అడుగుల దూరంలోని దుప్పి చెవికి బాణం కంటే సెకనులో ఐదో వంతు ముందే చేరుతుంది. దుప్పి ఉలిక్కిపడి కదలడానికి ఆ కాస్త చాలు. ప్రాణం పోకుండా గాయంతో పారిపోయిన జంతువు రోజుల తరబడి తీసుకుని చస్తుంది. దగ్గరికి పోయే విద్య తెలిసిన మన తాతలు ఈ కష్టాన్ని చాలా వరకు తప్పించారు. దూరం చూపే అద్దం ఆ విద్యను నేర్పదు.

చట్టం చెప్పేది

ఇక్కడ మన యువత చెవిన వేయవలసిన మాట ఒకటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. ఆయుధం అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో ఆ చట్టం తుపాకీతో పాటు విల్లు, బాణాలను కూడా చేర్చింది. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో పోకూడదు. మన అడవి 1978లో అభయారణ్యమయింది, 1983లో పులుల ప్రాజెక్టులోకి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులోకి స్కోప్ బిగించిన క్రాస్‌బోతో పోతే, కొట్టింది కుందేలే అయినా, మూడేళ్లకు తగ్గని జైలు ఎదురవుతుంది.

ఇది మనకు నొప్పి కలిగించే సంగతే. తుపాకులతో పులులను కొట్టినవాళ్లు వెళ్లిపోయారు. దేవతకు చెప్పుకుని, ఆకలికి తగినంతే కొట్టినవాళ్ల విల్లు నేరమయింది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని ఒప్పుకుంది. అయినా సంప్రదాయ హక్కుల్లోంచి వేటను విడిగా తీసివేసింది. ఆ మాటను మనం గుర్తుంచుకోవాలి. దాంతో పాటు ఆ చట్టం ఇచ్చినవి కూడా గుర్తుంచుకోవాలి. తేనె, జిగురు, వెదురు వంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. మనలాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు ఇచ్చింది. అంటే విల్లు చేసే వెదురు మన హక్కు. ఆ విల్లుతో అడవి జంతువును కొట్టడం హక్కు కాదు. ఈ రెండు వాక్యాల మధ్యనే ఈనాటి చెంచు యువకుడు తన దారి వెతుక్కోవాలి.

గురికి ఉన్న దారులు

ఒక దారి మైదానంలో ఉంది. రాజస్థాన్ ఉదయ్‌పూర్ అడవి పల్లెలో వెదురు విల్లుతో పిట్టలను కొట్టిన గిరిజన బాలుడు లింబారాం. అతన్ని ప్రభుత్వ క్రీడా సంస్థ గుర్తించి శిక్షణ ఇచ్చింది. 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో మూడింటిలోనూ దేశం తరఫున విల్లు పట్టాడు. 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డును సమం చేసి బంగారు పతకం గెలిచాడు. 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. అడవిలో కుదిరిన కన్ను ప్రపంచ మైదానంలో ఓడిపోలేదు.

స్కోప్ మీద మనసున్నవాళ్లకు కూడా మైదానంలో చోటుంది. ఒలింపిక్స్‌లో ఇప్పటి దాకా సాగిన రికర్వ్ విల్లుకు గురి పిన్ను ఉండవచ్చు, పెద్దగా చూపే అద్దం ఉండకూడదు. కాంపౌండ్ విల్లుకు అద్దం ఉన్న స్కోప్ బిగించుకోవచ్చు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ ఆ విల్లుతోనే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. అక్కడ 50 మీటర్ల దూరంలో పది మార్కుల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ కొత్తగా చేరుతున్నది. మన పిల్లలకు ఇది తెరుచుకుంటున్న తలుపు.

రెండో దారి అడవిలోనే ఉంది. పులి అడుగు చూసి ఎప్పుడు పోయిందో చెప్పే విద్య ఇవాళ పులుల రక్షణకు కావాలి. అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో, జాడలు చూసే పనుల్లో చెంచులు ఉన్నారు. ఆ పనికి తగిన కూలి, గౌరవం అడగడం మన బాధ్యత. తాత విల్లు వెనుక ఉన్న కన్ను ఇప్పుడు పులిని కాపాడుతున్నది.

మూడో దారి మన ఇళ్లలో ఉంది. విల్లు చేయడం తెలిసిన పెద్దలు తగ్గిపోతున్నారు. ఏ వెదురును ఏ నెలలో నరకాలి, ఎన్నాళ్లు ఆరబెట్టాలి, అల్లెతాడుకు ఏ నార పేనాలి, ఈకను ఎట్లా కట్టాలి అన్నవి వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మీ చేతిలో ఫోన్ ఉంది. క్రాస్‌బో వీడియోలు చూసిన ఆ ఫోన్‌తోనే మీ పెంటలోని ముసలాయన విల్లు వంచుతుండగా ఒకసారి తీసి పెట్టండి. ఆయన చెప్పే మాటలు ఆయన యాసలోనే ఉండనివ్వండి. సలేశ్వరం జాతరకు లింగమయ్య దగ్గరికి పోయినప్పుడు వేరే పెంటల పెద్దలు కలుస్తారు, వాళ్లనూ అడగండి.

ఎలాంటి స్కోప్ మంచిదన్న ప్రశ్నకు పైన జవాబు రాశాం. దాన్ని మైదానంలో దిమ్మ ముందు వాడండి, పతకం తెండి. అడవిలోకి మాత్రం తాతలు ఇచ్చిన కన్నుతోనే పోండి. ఆ కన్నుకు లైసెన్సు అక్కరలేదు, దాన్ని ఏ చట్టమూ లాక్కోలేదు. వాడకపోతే మాత్రం అది మన చేతులతోనే పోతుంది.